గట్టు కొట్టిన తర్వాత చెప్పే లెక్క

అపార్ట్‌మెంట్లలో పాత వంటిళ్లు తీసేసి కొత్తవి కట్టించడం నా పని. తెలంగాణ వచ్చిన కొత్తలో మహబూబ్‌నగర్‌లో ఒక దుకాణంలో చేరి ఆరేళ్లు చేశాను. ఆ తర్వాత నల్లగొండలో సొంతంగా నాలుగేళ్లు. మోకాళ్లు మొరాయించాక మానేసి రామన్నపేటలో ఇంటిపట్టున ఉంటున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు అప్పుడప్పుడు వచ్చి ఏ ప్లైవుడ్ మంచిది, సొరుగులకు ఏ పట్టాలు వేయాలి అని అడుగుతుంటారు. అవి ఏ దుకాణంలోనైనా చెబుతారు. దుకాణంలో చెప్పనివి కొన్ని ఉన్నాయి, అవి రాస్తాను. రాస్తుంటే కోపం వస్తోంది. దాన్ని చల్లార్చుకుని రాయమని మా ఇంట్లోవాళ్లు అన్నారు. చల్లార్చుకుంటే నేను చేసింది కూడా చిన్నదిగా కనిపిస్తుంది. అందుకే అలాగే రాస్తున్నాను.

నేల మీద రొట్టెలు

నేను చేరిన మొదటి ఏడాది ఒక టీచరు గారింట్లో వంటిల్లు చేశాం. ఆయన, నేను హాల్లో కూర్చుని ఆయన ఫోనులో బొమ్మలు చూస్తూ అన్నీ ఖాయం చేశాం. గట్టు ఎంత ఎత్తు, సింకు ఎటు, పొయ్యి ఎటు, షట్టర్లకు ఏ రంగు. ఆయన భార్య పద్మ గారు చాయ్ ఇచ్చి లోపలికి వెళ్లిపోయారు. వంట చేసేది ఆమె. ఆమెను నేను ఒక్క మాట అడగలేదు. అడగాలని తోచలేదు కూడా.

మూడు నెలల తర్వాత ఒక సొరుగు పట్టేస్తోందంటే చూడడానికి వెళ్లాను. కొత్త వంటిల్లు తళతళలాడుతోంది. పద్మ గారు దాని మధ్యలో నేల మీద పీట వేసుకుని, పక్కన చిన్న పాత స్టవ్ పెట్టుకుని జొన్న రొట్టెలు కొడుతున్నారు. ఏమైందమ్మా అని అడిగాను. గట్టు ఎత్తుగా ఉండి చెయ్యి ఆనడం లేదని, నాలుగు రొట్టెలు కొట్టేసరికి భుజం లాగేస్తోందని, పైగా ఆ అద్దం పొయ్యి మీద ఇనుప పెనం పెట్టాలంటే భయమని చెప్పారు. ముందే చెప్పాల్సింది కదా అన్నాను. అంత సిగ్గులేకుండా ఎలా అనగలిగానో ఇప్పటికీ తెలియదు.

ఆమె రొట్టె తిప్పుతూ, "నన్నెవ్వరడిగిన్రు సార్?" అన్నారు.

మహబూబ్‌నగర్ జిల్లాలో జొన్న రొట్టె తినని ఇల్లు ఎన్ని ఉంటాయి? ఆ సంగతి తెలిసి కూడా, ఎక్కడో ఎవరి కోసమో పెట్టిన ఎత్తును ఇక్కడ అందరికీ ఒకే లెక్కన అంటగట్టాం. ఇప్పటికీ అంటగడుతూనే ఉన్నారు. కంప్యూటర్లో వంటిల్లు గుండ్రంగా తిప్పి చూపించే కుర్రాళ్లను అడగండి, ఆ ఇంట్లో వంట చేసే మనిషి ఎంత ఎత్తు ఉంటుందో. పదిమందిలో ఒకరు చెబితే నా పేరు మార్చుకుంటాను.

ఆ రోజు నుంచి నేను వంట చేసేవాళ్లను గోడ పక్కన నిలబెట్టి, మోచెయ్యి మడవమని, దానికి నాలుగు వేళ్లు కిందికి గట్టు గీసుకునేవాణ్ణి. రొట్టెలు కొట్టే చోట ఇంకో జానెడు తగ్గించి విడిగా చిన్న గట్టు. దీనితో నాకు పని వచ్చేసిందని అనుకున్నాను. రాలేదు.

మా ఓనరు పద్ధతి

మా ఓనరు ఒకప్పుడు ప్లైవుడ్ అమ్మేవాడు. చెడ్డవాడని ఒక్క మాటలో తేల్చేస్తే సులువే. కానీ నా భార్యకు ఆపరేషన్ అయినప్పుడు తన కారులో హైదరాబాద్ తీసుకువెళ్లి, రెండు రోజులు దవాఖాన వరండాలో మాతో పాటు కూర్చున్నవాడు ఆయనే. అది మరచిపోలేదు.

ఆయన కొటేషన్‌లో కంటికి కనిపించేవే ఉండేవి. షట్టర్లు, సొరుగులు, గ్రానైటు, చిమ్నీ. పాత గట్టు కొట్టే కూలి, ఆ మట్టి మూడు అంతస్తులు దించి ట్రాక్టరులో పంపే ఖర్చు, గోడలో కుళ్లిన పైపులు, ఓవెన్‌కూ ఫిల్టర్‌కూ కొత్త వైరు, టైల్స్, చిమ్నీ గొట్టానికి గోడలో రంధ్రం, చివర్లో రంగులు, ఇవేవీ ఉండేవి కావు. అసలు ఖర్చులో నాలుగో వంతు ఎప్పుడూ కాగితం బయటే ఉండేది. ఎందుకని అడిగితే దాచకుండానే చెప్పాడు.

"ఉన్నదంత ముందే రాస్తె ఎవడన్న వస్తడా? తక్కువ చెప్పు, లోపలికి పో, గట్టు కొట్టు. గట్టు కొట్టినంక ఎక్కడికి పోతరు?"

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇక్కడ రాయకపోతే ఈ కథలో నేను మంచివాణ్ణి అయిపోతాను.

సలోమి గారి నాలుగు లక్షలు

సలోమి గారు సర్కారు దవాఖానలో నర్సు. ఆమె భర్త బాలస్వామి బస్సు డ్రైవరు. ఇద్దరి ఇళ్లలోనూ పెద్దవాళ్లు ఒకరి భూమిలో కూలి చేసినవాళ్లే. ఆ రెండు గదుల ఫ్లాటు వాళ్లు కొనుక్కున్న మొదటి ఆస్తి. మూడో అంతస్తు, పదిహేనేళ్ల నాటి కట్టడం. వంటింట్లో గట్టు పగిలి, సింకు కింద చెక్క బూజుపట్టి, గోడ ఎప్పుడూ చెమ్మగా ఉండేది. భార్యాభర్తలిద్దరూ డ్యూటీలకు పోతే వంట చేసేది బాలస్వామి తల్లి మరియమ్మ గారు. అరవై అయిదు దాటిన మనిషి.

కొలతలకు వెళ్లినప్పుడు మరియమ్మ గారిని గోడ దగ్గర నిలబడమంటే సిగ్గుపడి నవ్వారు. సలోమి గారు అత్తను పట్టుకుని నిలబెట్టారు. కొలతలయ్యాక కుర్చీ వేసి, నాకెదురుగా కూర్చుని ఆమె అన్న మాటలు నాకు అక్షరం పోకుండా గుర్తున్నాయి.

"సార్, నా దగ్గర నాలుగు లక్షలున్నయి. చిట్టి ఎత్తిన. దాని మీద ఒక్క రూపాయి లేదు. నాలుగుల కాదంటే ఇప్పుడే చెప్పున్రి. ఇంకో రెండేండ్లు ఆగుతం, మాకేం తొందర లేదు."

ఇంతకంటే తేటగా ఏ మనిషి చెబుతుంది? నేను దుకాణానికి వచ్చి కూర్చుని లెక్క వేశాను. గోడలో చెమ్మ చూశాను కాబట్టి పైపులన్నీ మార్చాలని తెలుసు. స్విచ్‌బోర్డు విప్పి చూశాను కాబట్టి వైరు సన్నదని తెలుసు. అన్నీ కలిపితే అయిదు లక్షల ముప్పై వేలు వచ్చింది. దాని కిందే ఇంకొకటి రాశాను. ఈ ఏడాది పైపులు, వైర్లు, గట్టు, టైల్స్, సింకు, కింది సొరుగులు మాత్రం చేసి, పై అరలు, చిమ్నీ తర్వాత ఎప్పుడైనా పెట్టుకుంటే నాలుగు లక్షల లోపే అయిపోతుంది. ఇల్లు బాగుంటుంది, అప్పు ఉండదు. నేను అప్పటివరకూ వేసిన ప్లాన్లలో అదే మంచిది.

ఓనరు చూసి పక్కకు తోశాడు. పై అరలు లేకుంటే మనకేం మిగులుతుందన్నాడు. మూడు లక్షల తొంభై వేలు రాసి, అన్నీ చూపించి, పైపుల మాట ఎత్తవద్దన్నాడు. నేను మళ్లీ రాశాను. మొదటి కాగితం మడిచి డైరీలో పెట్టుకున్నాను. ఎందుకు దాచానో అప్పుడు నాకే తెలియదు. ధైర్యంతో మాత్రం కాదు.

తొమ్మిది రోజులు

పాత గట్టు రెండు రోజుల్లో కొట్టేశాం. వాష్ ఏరియా కూడా తవ్వేశాం. ఆరో రోజు పైపు బయటపడింది, తుప్పు పట్టి చేత్తో నొక్కితే పొడి రాలుతోంది. అది నాకు కొత్త సంగతి అయినట్టు మొహం పెట్టి బాలస్వామికి చూపించాను. ఇంకో లక్షా నలభై వేలు అవుతుందని, అందులో అరవై వేలు వెంటనే కట్టాలని ఓనరు ఫోనులో చెప్పాడు. జీతం పడ్డాక కొంత ఇస్తానని, అప్పటిదాకా పని ఆపవద్దని బాలస్వామి బతిమాలాడు.

ఓనరు నన్ను పిలిచి పని ఆపేయమన్నాడు. "పైసలు అవే వస్తయి," అన్నాడు. కార్పెంటర్లను, మేస్త్రీని జడ్చర్లలో ఇంకో పనికి పంపింది నేనే. ఫోను చేసి పంపాను, సలోమి గారికి ఎదురుపడకుండా.

తొమ్మిది రోజులు ఆ ఇల్లు అలా ఉంది. వంటింట్లో నేల లేదు, నీళ్లు లేవు, సింకు లేదు. పడగ్గదికి వెళ్లే సన్నని దారిలో స్టవ్ కింద పెట్టుకుని మరియమ్మ గారు వండుతున్నారు. అన్నం గంజి వంచాలంటే ఆ వేడి గిన్నె గుడ్డతో పట్టుకుని, మా సిమెంటు బస్తాలు, టైల్స్ పెట్టెలు దాటుకుంటూ బాత్రూం దాకా పోవాలి. రోజుకు రెండుసార్లు.

తొమ్మిదో రోజు పొద్దున ఇద్దరూ డ్యూటీకి పోయాక ఆమె అలా పోతూ బస్తా అంచు కాలికి తగిలి పడిపోయారు. గంజి మొత్తం ఎడమ తొడ మీద, కాలి మీద పడింది. పక్క ఫ్లాటువాళ్లు కేక విని వచ్చి దవాఖానకు తీసుకుపోయారు. సలోమి గారు డ్యూటీలో ఉన్న దవాఖానకే.

నేను వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. మరియమ్మ గారు మందు మత్తులో ఉన్నారు. సలోమి గారు యూనిఫాంలో మంచం పక్కన నిలబడి ఉన్నారు. అత్త కాలికి కట్టు తానే కట్టారట. నన్ను చూసి సెలైన్ సీసా ఒకసారి సరిచూసుకున్నారు. తర్వాత బయటికి వచ్చి, గొంతు పెంచకుండానే అడిగారు.

"ఇల్లంత కొలిచిన్రు. మా అత్తమ్మ మోచెయ్యి సుత కొలిచిన్రు. వంటిల్లు తవ్వినంక అన్నం ఎక్కడ వండుకుంటరమ్మా అని ఒక్కనాడన్న అడిగిన్రా సార్?"

అడగలేదు. ఆ ఇంటినే కాదు, ఆరేళ్లలో ఏ ఇంటినీ అడగలేదు. నెల, నెలన్నర పాటు ఒక కుటుంబం ఎక్కడ వండుకుంటుంది, గిన్నెలు ఎక్కడ తోముకుంటుంది, నీళ్లు ఎక్కడ పోస్తుంది అన్నది నా ఏ కాగితంలోనూ లేదు. వంటిల్లు కట్టేవాడికి ఆ ఇంటి అన్నం సంగతి పట్టలేదు.

దుకాణానికి వచ్చి ఓనరుకు చెప్పాను. ఆయన లెక్కల పుస్తకం మూసి పక్కన పెట్టాడు, బాధపడ్డాడనే అనుకున్నాను. తర్వాత, "మనం పడేసినమా? ఆమె జారింది. పండ్లు తీస్కపొయ్యి జర చూసి రా," అన్నాడు.

రెండు కాగితాలు

ఆ తర్వాత రెండు రోజులు నేను దవాఖాన వైపు వెళ్లలేదు. మూడో రోజు డైరీలోంచి ఆ మొదటి కాగితం తీసుకుని బాలస్వామి దగ్గరికి వెళ్లాను. ఆయన తల్లి మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వరండాలోకి పిలిచి కాగితం చేతికిచ్చాను. ముందే ఇంత అవుతుందని లెక్క వేశానని, నాలుగు లక్షల లోపు చేసే దారి కూడా రాశానని, ఓనరు వద్దంటే మార్చి రాశానని చెప్పాను. అలా చెబితే నా బరువు దిగుతుందనుకున్నాను. ఆయన నన్ను మెచ్చుకుంటాడని కూడా లోపల ఎక్కడో అనుకున్నానేమో.

ఆయన కాగితం రెండుసార్లు చదివాడు. చివరి పేరా మీద వేలు పెట్టి మళ్లీ చదివాడు.

"ఇన్ని దినాలు మీకు తెల్వక రాయలేదనుకున్న సార్. పొరపాటు అందరికైతదని మా ఇంటామెకు నేనే సర్దిచెప్పిన. తెలిసే రాయలేదా?"

ఆయన కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"మీరు పోన్రి. కాగితం నా దగ్గర ఉండనియ్యున్రి."

మరుసటి రోజు డ్యూటీ దిగి ఖాకీ బట్టలతోనే దుకాణానికి వచ్చాడు. అప్పుడు అక్కడ ఒక జంట షట్టర్ల రంగులు చూస్తున్నారు. బాలస్వామి ఎవరినీ తిట్టలేదు. రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టి, రెండూ పైకి చదవమని ఓనరును అడిగాడు. ఓనరు లోపలికి వచ్చి మాట్లాడదామన్నాడు. ఇక్కడే చదవమని బాలస్వామి అన్నాడు. రంగులు చూస్తున్న ఆయన లేచి వచ్చి తనే చదివాడు. రెండింటి మీదా ఒకే దస్తూరీ, ఒకే ఇల్లు, ఒకే వారం. ఆయన చదివి తన భార్యను తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ వంటిల్లు మూడు లక్షల తొంభై వేలకే మొత్తం పూర్తి చేసి ఇస్తానని ఓనరు అక్కడే రాసిచ్చాడు. చేశాడు కూడా. బాలస్వామి వెళ్లిపోయాక నా వైపు చూశాడు.

"నీ ఇంటామె దవాఖానల ఉంటే నేను నిలబడ్డ. నువ్వు నన్ను బజార్ల నిలబెట్టినవు."

ఆ మాటలో అబద్ధం లేదు. సాయంత్రానికి లెక్క చూసి నన్ను పంపించేశాడు. ఈ దుకాణంలో ఇంతే అనుకుని ఆరేళ్లు నోరు మూసుకున్న నేను, ఒక ముసలమ్మ కాలు కాలాక గానీ నోరు తెరవలేదు. నాకు ఓనరు మీద ఎంత కోపమో నా మీద అంతకంటే ఎక్కువ కోపం, ఎందుకంటే ఆ గోడలో చెమ్మ ఆయన కళ్లతో చూడలేదు. నేను చూశాను.

నల్లగొండలో

నల్లగొండకు వచ్చి పానగల్ రోడ్డులో చిన్న గది కిరాయికి తీసుకున్నాను. అక్కడ నాలుగేళ్లూ ఒకే పద్ధతి. ధర చెప్పేముందు సింకు వెనక రెండు టైల్స్ ఊడదీసి పైపు చూసేవాణ్ణి. ఒప్పుకోని ఇంట్లో పని ఒప్పుకోలేదు. కాగితంలో మొదట గోడలో ఉండేవి, తర్వాత గట్టు, అన్నిటికంటే చివర షట్టర్లు. ఉన్న డబ్బులో అయిదో వంతు ముట్టకుండా పక్కన పెట్టమనేవాణ్ణి, పాత గోడ ఏం చూపిస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి. గ్రానైటు, సింకు, చెక్క అన్నీ ఊళ్లోకి వచ్చాకే సుత్తి తీసేవాణ్ణి. అంతకంటే ముందు బాల్కనీలోనో ఇంకో చోటో నిలబడి వండుకునేలా బల్ల, కుళాయి, నీళ్లు పోయే గొట్టం పెట్టించేవాణ్ణి. ఆ ఖర్చు కూడా కాగితంలోనే రాసేవాణ్ణి.

నా లెక్క చూసి వచ్చినవాళ్లలో సగం మంది వెళ్లిపోయేవారు. పక్క దుకాణంలో లక్ష తక్కువ చెప్పారని నా మొహం మీదే అనేవారు. ఆ లక్ష ఎక్కడ దాక్కుందో వివరంగా చెప్పినా వినేవారు కాదు. అప్పుడు నాకు వాళ్ల మీద కూడా ఒళ్లు మండేది. బంగారం కొనేటప్పుడు తరుగు, మజూరి రెండుసార్లు అడిగేవాళ్లు, ఇల్లు తవ్వించేటప్పుడు ఇందులో ఏం రాయలేదని ఒక్కసారి అడగరు. తక్కువ అంకె వినాలని వాళ్లకు ఆశ. ఆ ఆశ మీదనే మా ఓనరు లాంటివాళ్లు దుకాణాలు కట్టారు. అయినా తప్పు సగం సగం అని నేను అనను. వాళ్లకు గోడ లోపల కనిపించదు. మనకు కనిపిస్తుంది. జీతం తీసుకునేది అది చూసినందుకే.

ఈ పనిలోకి వస్తున్నవాళ్లకు ఒక్కటే చెబుతాను. కాగితం మీద రాసేది మీ చెయ్యి. ఓనరు చెప్పాడు, మేనేజరు చెప్పాడు అనేది మీరు ఇంటికి పోయాక మీ మనసుకు చెప్పుకోవడానికి పనికొస్తుంది. ఆ ఇంట్లోవాళ్లకు దేనికీ పనికిరాదు.

నల్లగొండకు వచ్చిన రెండేళ్ల తర్వాత ఒకరోజు సలోమి గారి నుంచి ఫోను వచ్చింది. తనతో పనిచేసే నర్సు ఒకామె వంటిల్లు చేయించుకుంటుందని, వచ్చి చూడమని అడిగారు. ఎందుకు నన్నే పిలిచారని అడగలేకపోయాను. మహబూబ్‌నగర్ వెళ్లి ఆ పని చూసుకుని, తిరిగి వచ్చేటప్పుడు వాళ్లింటికి వెళ్లాను. బాలస్వామి తలుపు తీసి, లోపలికి రమ్మని చెయ్యి చూపించి, బయటికి వెళ్లిపోయాడు.

వంటిల్లు చక్కగా ఉంది. మరియమ్మ గారు హాల్లో కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నారు. కాలు మానింది గానీ చర్మం బిగుసుకుని మోకాలు పూర్తిగా ముడవదు. పొయ్యి దగ్గరికి మాత్రం ఆమె పోవడం లేదట. మరుగుతున్న చప్పుడు వింటేనే గదిలోకి పోయి తలుపు వేసుకుంటారని సలోమి గారు మెల్లగా చెప్పారు. ఇప్పుడు డ్యూటీని బట్టి భార్యాభర్తలే వండుకుంటున్నారు.

నేను ఆమె ముందు కూర్చుని క్షమించమని అడిగాను. రెండేళ్లుగా మనసులో కూడబెట్టుకున్న మాటలేవీ రాలేదు. తప్పు నాదేనమ్మా అని మాత్రం అన్నాను. ఆమె చిక్కుడుకాయ ఈనె తీస్తూ నా వైపు చూశారు. ఆ ముఖంలో కోపం లేదు.

"నువ్వేం జేస్తవు బిడ్డా, నీ నౌకరి నీది," అన్నారు.

ఆ దుకాణంలో ఉన్న ఆరేళ్లూ నాకు నేను చెప్పుకున్నది సరిగ్గా ఆ మాటే. అది ఎంత సిగ్గుమాలిన మాటో ఆమె నోట విన్నాకే తెలిసింది.